అర గురిగింజెత్తు తరుగు

ప్రభుత్వానికి ఒకరోజు ప్రజల మీద బెంగ పట్టుకుంది. జనం పొద్దున లేవడం, పనికి పోవడం, తినడం, పడుకోవడం తప్ప ఇంకేమీ చేయడం లేదని ఎవరో సర్వే చేసి తేల్చారు. ఇలాగైతే దేశం ఏమైపోవాలని పెద్దలంతా కూర్చుని చింతించి, పౌర అభిరుచుల వికాస సంస్థను పుట్టించారు. "అభిరుచి లేని పౌరుడు అల్లం లేని పెసరట్టు" అని గుంటూరు నిండా బోర్డులు లేచాయి. గుంటూరు వాళ్ళకి పెసరట్టు అర్థమైంది గానీ మిగతాది కాలేదు. అర్థం కాలేదని ఊరుకునే ప్రభుత్వమా! ఊరి చివర పాత ధాన్యం గోడౌనుకి సున్నం కొట్టించి, నగల తయారీ శిక్షణ శిబిరం తెరిచేశారు.

శిబిరం బోర్డు మీద "మీ నగ మీరే చేసుకోండి! చేసిన వస్తువు చేసినవారికే!" అని పెద్ద అక్షరాలతో రాశారు. దాని కింద "బరువు సరిపోయిన పక్షమున" అని చీమతలకాయంత అక్షరాలతో రాశారు. పెద్ద అక్షరాలు చదివి చేరినవాళ్ళలో పానకాలరావు ఒకడు.

పానకాలరావు బస్టాండులో ఎనౌన్సరు. "మాచర్ల వెళ్ళు బస్సు నాలుగవ నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది" అని ఆయన అంటే నిద్రపోతున్న పసిపిల్లలు కూడా లేచి సంచులు సర్దుకునేవారు. అంతటి గొంతు. అయితే ఆ మాట అలా గాల్లోకి వెళ్ళేది, బస్సు ఇలా రోడ్డు మీదికి వెళ్ళేది, ఆయన దగ్గర ఏమీ మిగిలేది కాదు. "ఇదిగో, ఇది నేను చేశాను" అని చూపించుకోవడానికి జీవితంలో ఒక చెక్క గరిటె కూడా లేదు. ఇంట్లో మేకు కొడితే మేకు వంగేది, గోడ రాలేది, చివరికి క్యాలెండరు బల్ల మీదే పడుకునేది.

ఇలా ఉండగా ఆయన మేనకోడలు ఇందుప్రియకి పొన్నూరులో పెళ్ళి కుదిరింది. వాళ్ళ ఇళ్ళలో ఆనవాయితీ ఏమిటంటే, పెళ్ళికూతురు సన్నికల్లు మీద కాలు పెట్టినప్పుడు వరుడు తొడిగే వెండి మెట్టెలు మేనమామే తేవాలి.

"కొట్లో మంచివి చూసి తీసుకురా అన్నయ్యా" అంది చెల్లెలు రాజ్యం.

"కొనడం ఏంది? నా చేత్తో నేనే చేస్తా" అన్నాడు పానకాలరావు. ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. మైకు ముందు కూర్చునే మనిషి గదా, నోరు ముందు నడుస్తుంది.

రాజ్యం నవ్వడం మొదలుపెట్టింది. ఆమె మొగుడు వక్కపొడి గొంతుకి అడ్డంపడి దగ్గాడు. "నోటితో చేసే పనైతే నమ్ముదును అన్నయ్యా. నీ చేతులు నాకు తెలీవా? చిన్నప్పుడు నా జడ అల్లబోయి కుర్చీకి కలిపి అల్లావు!" అంది రాజ్యం.

ఇందు మాత్రం నవ్వలేదు. "చెయ్యి మావయ్యా. వంకరగా ఉన్నా సరే, నువ్వు చేసినవే పెట్టుకుంటా. కొన్నవి తెచ్చావంటే మాత్రం సన్నికల్లు మీద కాలు పెట్టను" అంది. ఆ పిల్ల అన్నదంటే అన్నదే. పానకాలరావుకి సంతోషంతో కళ్ళు చెమర్చాయి. వెంటనే భయంతో అరచేతులు కూడా చెమర్చాయి.

* * *

శిబిరం మొదటిరోజు శిక్షణార్థులందరికీ వేలెడు వెండి కడ్డీ తలా ఒకటి ఇచ్చారు. నేర్పే గురువు వీరబ్రహ్మం. ఆయన ఒకప్పుడు ఒక జమీందారు గారి ఏనుక్కి ముక్కుపుడక చేశానని చెప్పుకునేవాడు. ఏనుక్కి ముక్కెక్కడుందండీ అని అడిగితే, "అదే గదా అందులో కష్టం" అనేవాడు. సర్కారు ఉద్యోగం రాగానే బజారులో కొట్టు మూసేసి, తన దాగలి, సుత్తులు, పటకార్లు, ఆకురాళ్ళు అన్నీ శిబిరానికే అద్దెకిచ్చి నిశ్చింతగా కూర్చున్నాడు.

శిబిరానికి పెద్ద యజ్ఞనారాయణ గారు. ప్రాంతీయ సంచాలకులు, నిల్వ తనిఖీ అధికారి కూడా ఆయనే. ఆయన మాట్లాడుతుంటే గెజిట్ చదువుతున్నట్టుండేది.

"శిక్షణార్థులారా! మీకు జారీ చేయబడిన రజతము ప్రభుత్వ ఆస్తి. జారీ చేయబడిన బరువును, దాఖలు చేయబడు వస్తువు బరువును వెంట్రుకవాసి తేడా లేకుండ సరిపోలవలెను. సరిపోలినచో వస్తువు మీది. సరిపోలనిచో మీరు మావారు" అన్నాడాయన.

ముందు వరసలో కూర్చున్న కోటేశ్వరమ్మ చప్పట్లు కొట్టింది. ఆవిడకి బ్రాడీపేటలో ఇడ్లీ బండి ఉంది. చెవులకి తన చేత్తో దిద్దులు చేసుకోవాలని చేరింది. ఉపన్యాసం అయ్యాక పెద్దాయన గొంతు ఎండిపోయిందేమోనని జాలిపడి, ఆకులో రెండు ఇడ్లీలు పెట్టి ఇవ్వబోయింది. యజ్ఞనారాయణ గారు పామును చూసినట్టు వెనక్కి గెంతారు.

"తీసివేయుము! నియమావళి ప్రకారము నిల్వ తనిఖీ అధికారికి శిక్షణార్థితో బంధుత్వము గాని, మైత్రి గాని ఉండరాదు. ఉన్నచో తక్షణమే అధికారము కోల్పోవును. ఇడ్లీ మైత్రికి దారి తీయును."

"చట్నీ లేకుండా తింటే?" అంది కోటేశ్వరమ్మ.

ఆయన ఇంకో రెండు అడుగులు వెనక్కి వేశాడు. నిజానికి ఆయన ఎవరి నమస్కారానికీ తిరిగి నమస్కారం పెట్టేవాడు కాదు. అది కూడా దేనికో దారి తీస్తుందని భయం.

పానకాలరావు పనిలో పడ్డాడు. కడ్డీని రెండు ముక్కలు చేశాడు. మొదటి ముక్కని కొట్టాడు, వంచాడు, బొటనవేలు కూడా కొట్టుకున్నాడు. మొత్తానికి అది ఒక మెట్టె ఆకారానికి వచ్చింది. అంచులు గరుకుగా ఉంటే వీరబ్రహ్మం ఆకురాయి చేతికిచ్చి రుద్దమన్నాడు. రుద్దుతుంటే వెండి పొడి మినుకు మినుకుమంటూ రాలుతోంది. పానకాలరావు దాన్ని చూసి మురిసిపోయాడు. సాయంత్రం ఇంటికెళ్ళి చెల్లెలికి ఫోన్ చేసి, "ఒక కాలిది అయిపోయింది, రాసి పెట్టుకో" అన్నాడు.

మర్నాడు తూకం వేశారు. మెట్టె, మిగిలిన కడ్డీ, కాగితంలో పోగుచేసిన పొడి, అన్నీ కలిపి వేసినా అర గురిగింజెత్తు తక్కువ వచ్చింది.

యజ్ఞనారాయణ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఏదీ? ప్రభుత్వ రజతము ఏదీ?"

"అది తరుగండి" అన్నాడు వీరబ్రహ్మం ఆవులిస్తూ. "ఆకురాయి పెట్టాక రజను రాలుద్ది. కొంత గాలికి పోద్ది, కొంత ఒంటికి అంటుద్ది. లోకమంతా ఉన్నదే."

"లోకమున ఉండవచ్చు. పద్దులలో లేదు. నష్టము అను పద్దు కలదు. దుర్వినియోగము కలదు. చెదలు తినుట కలదు. తరుగు లేదు."

"పోనీ చెదలు తిన్నాయని రాయండి."

"వెండిని చెదలు తినవు. నేను విద్యావంతుడను" అన్నారు యజ్ఞనారాయణ గారు.

* * *

ఆ రోజు నుంచి శిబిరంలో వేట మొదలైంది. వెండి పొడి ఎగిరిపోతుందని ఫ్యాన్లు ఆపేశారు. కిటికీలు మూసేశారు. చేతులు కడుక్కున్న నీళ్ళని బకెట్లలో పట్టి సీలు వేశారు. నీళ్ళ బకెట్లు వరండా దాటి, మెట్లు దిగి, సైకిల్ స్టాండు దాకా వచ్చేశాయి. పోయేముందు ప్రతివాడూ తెల్ల కాగితం మీదికి వంగి తల దువ్వుకోవాలి. రాలినవాటిలో చుండ్రు ఏదో, వెండి ఏదో తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. పానకాలరావు మీసాల్లో మెరుస్తున్నదేదో ఉందని ఉపసంఘం పట్టుకుంది. అవి నెరిసిన వెంట్రుకలని రుజువు చేసుకోవడానికి ఆయనకి ఒక పూట పట్టింది.

అయినా ఆ అర గురిగింజ దొరకలేదు. మనుషుల్నే తూచమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, బయటికి పోయేటప్పుడు ఒకసారి. అందుకోసం మిర్చి యార్డు నుంచి పెద్ద కాటా తెప్పించారు. ఆ కాటాకి అర కిలో కంటే తక్కువ ఏదీ తెలియదు. అధికారులకి అర గురిగింజ కంటే ఎక్కువ ఏదీ తెలియదు. ఇద్దరికీ బాగా కుదిరింది.

మొదటిరోజే కోటేశ్వరమ్మ వచ్చినప్పటికంటే పోయేటప్పుడు కిలో ఎక్కువ తూగింది. లోపల కూర్చుని మధ్యాహ్నం సద్ది తింది మరి. యజ్ఞనారాయణ గారికి ముచ్చెమటలు పోశాయి. లోటుకైతే సంజాయిషీ ఉంటుంది గానీ, మిగులుకి సంజాయిషీ ఎక్కడుంది? ఆ ఎక్కువ ఎవరి ఆస్తి? రాత్రికి రాత్రే శిబిరంలో తిండి నిషేధించారు. ఫ్యాన్లు లేవు, తిండి లేదు, కిటికీలు లేవు. మరో రెండు రోజులకి అందరూ చెమట కారి కారి తూకం తగ్గడం మొదలుపెట్టారు.

"వెండికి తరుగు లేదన్నారు గానీ, మేం తరిగిపోతన్నాం సార్" అంది కోటేశ్వరమ్మ.

"మానవులు జారీ చేయబడిన వస్తువులు కారు. మీరు తరగవచ్చును" అన్నారాయన ఉదారంగా.

అసలు ముప్పు కాటాతో వచ్చింది. ఎన్ని బస్తాల మిరపకాయలు తూచిందో ఏమో, దాని సందుల్లో ఘాటు గడ్డకట్టి ఉంది. పానకాలరావు దాని మీద ఎక్కి నిలబడగానే ముక్కు పుటాలు అదిరాయి. బస్టాండంతా వినబడే గొంతు గదా, తుమ్ము కూడా అదే కొలతలో వచ్చింది. బల్లల మీద కాగితాల్లో పోగుచేసిన వెండి పొడంతా మబ్బులా లేచింది. ఆ తరువాత ఆయన నోరు తెరిచి, గుండె నిండా గాలి పీల్చాడు.

"మింగెను!" అన్నారు యజ్ఞనారాయణ గారు. "అందరును సాక్షులు. ప్రభుత్వ రజతము ఇతని లోపల కలదు!"

ఎగిరిన పొడి అంతా మళ్ళీ ఊడ్చి తూస్తే సరిగ్గా అదే అర గురిగింజ తక్కువ. ఎక్కడ పోయిందో తేలిపోయింది కాబట్టి అందరూ ఊపిరి పీల్చుకున్నారు, జాగ్రత్తగా, రుమాళ్ళు అడ్డం పెట్టుకుని. పానకాలరావుని నిల్వలోకి ఎక్కించారు. 'సంచార నిల్వ' అని అట్టముక్క మీద రాసి మెడలో తగిలించారు. అనుమతి లేనిదే ఊరు దాటకూడదు. ఆయన ఆ అట్టతోనే బస్టాండులో కూర్చుని, వినుకొండ బస్సుల్ని, మాచర్ల బస్సుల్ని పంపిస్తూ ఉండేవాడు. ఊరంతా పోతోంది, తాను మాత్రం పోకూడదు.

* * *

అంతటితో ఆగినా బాగుండేది. తరుగుకి మూలం ఆకురాయి కాబట్టి ఆకురాయిని నిషేధిస్తూ ఇంకో ఉత్తర్వు వచ్చింది. కరిగిస్తే ఆవిరవుతుందని కుంపటి నిషేధించారు. అతుకు పెడితే బరువు పెరుగుతుందని అతుకు నిషేధించారు. కోస్తే రంపానికి అంటుతుందని రంపం నిషేధించారు. మరి శిక్షణ ఎలా? దానికీ దారి చూపించారు. వెండిని బీరువాలో పెట్టి తాళం వేసి, గాల్లో పని చేయమన్నారు.

వీరబ్రహ్మానికి ఇది ఎంతో నచ్చింది. కాలు మీద కాలేసుకుని కూర్చుని, "ఆఁ, పట్టుకోండి ఆకురాయి. రుద్దండి. ఇటు కాదమ్మా, అటు. చెయ్యి కోసుకుంటావు, జాగ్రత్త!" అని వట్టి గాలికి నేర్పేవాడు. వరసగా కూర్చున్నవాళ్ళంతా వేళ్ళ మధ్య ఏమీ లేనిదాన్ని పట్టుకుని, ఇంకో ఏమీ లేనిదానితో కరకర రుద్దేవారు. కరకరమనే చప్పుడు నోటితో చేయాలి. ఆ పనిలో పానకాలరావుదే పైచేయి అయింది. ఆయనకి మాత్రం అది ఓటమిలాగే అనిపించింది. మళ్ళీ నోరే గెలిచింది!

రాజధాని నుంచి ఒక పెద్ద అధికారి తనిఖీకి వచ్చాడు. కోటేశ్వరమ్మ అరచేతులు ఖాళీగా చాపి ఎదురుగా నిలబడింది.

"ఇదేమిటి?" అన్నాడు అధికారి.

"పలకసర్లు సార్. మూడు వరసలు."

"కెంపులు బాగా కూర్చారే!" అన్నాడాయన తల ఒక పక్కకి వాల్చి.

"కెంపులు కావు సార్, పచ్చలు" అంది కోటేశ్వరమ్మ. అధికారి కళ్ళజోడు తుడుచుకుని, అవును, పచ్చలే అని ఒప్పుకున్నాడు. ఆ నెలలోనే శిబిరానికి 'శూన్య తరుగు పురస్కారం' వచ్చింది. దేశంలో ఎక్కడా ఇంత వెండి ఇంత భద్రంగా ఉండగా ఇంత శిక్షణ జరగలేదట. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, సోమలింగానికి ఏకంగా బారసాల చేసి పతకం కూడా ఇచ్చారు.

పెళ్ళి మాత్రం గాల్లో జరిగేది కాదు. ముహూర్తం దగ్గరపడుతోంది. పానకాలరావు ఇంట్లో వంటింటి పొయ్యి మీద ప్రయత్నించాడు. పాత వెండి చెంచా ఒకటి కరిగించబోతే పప్పు గిన్నెకి చిల్లు పడింది, పెళ్ళాం పుట్టింటి పేరు ఎత్తింది. ఇందు ఫోన్ చేసి, "రెండో కాలిది అయిందా మావయ్యా?" అంటే, "అవుతోందమ్మా, అవుతోంది" అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆయనకి ఏడుపొచ్చింది. ఇంతకాలం అబద్ధం చెప్పని గొంతు అది. బస్సు ఆలస్యమైతే ఆలస్యమనే చెప్పింది.

ఆ సాయంత్రం వీరబ్రహ్మాన్ని టీ కొట్టు దగ్గర పట్టుకున్నాడు. "అయ్యా, ఆకురాయి లేకుండా, నిప్పు లేకుండా మెట్టె ఎట్టా చేస్తారో చెప్పండి."

"వెండిని తినేవి ఆ రెండే బాబుగారూ. సుత్తి తినదు" అన్నాడు వీరబ్రహ్మం టీలో బిస్కెట్టు ముంచుతూ. "కొట్టి కొట్టి తీగ సాగదీసి పాములా చుట్టెయ్యండి. అతుకుండదు, రాపుడుండదు. మా అవ్వ కాలికి అవే ఉండేయి, చుట్టు మెట్టెలని. పాతబడ్డ సరుకు, ఎవరూ అడగరు. అసలు మీరు ముందే అడిగితే ముందే చెప్పేవాణ్ణి గదా!"

పానకాలరావుకి ఆయన్ని కౌగిలించుకోవాలనీ అనిపించింది, కొట్టాలనీ అనిపించింది. టీ డబ్బులిచ్చి వచ్చేశాడు.

నియమావళి తిరగేస్తే సుత్తి నిషేధించినట్టు ఎక్కడా లేదు. ఎవరికీ తట్టలేదంతే. పానకాలరావు దరఖాస్తు పెట్టి కడ్డీ బయటికి తీయించుకుని, అందరూ గాలిని రుద్దుతుంటే తానొక్కడే దాగలి దిమ్మ ముందు కూర్చుని టక్ టక్ మని కొట్టాడు. వేళ్ళు వాచాయి. గోరు నల్లబడింది. తీగ ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా సాగింది. వీరబ్రహ్మం కూడా గాలి వదిలేసి వచ్చి పక్కన కూర్చుని, "అబ్బ, అట్టా కాదు! వెండి వినదు, వేడుకోవాలి" అని సుత్తి లాక్కుని రెండు దెబ్బలు చూపించాడు. చివరికి రెండో మెట్టె మూడు చుట్లు తిరిగి ఆగింది. మొదటిదాన్ని కూడా సాగదీసి అలాగే చుట్టాడు. ఒకటి కొంచెం లావు, ఒకటి కొంచెం వంకర. పానకాలరావు వాటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఈసారి గెలిచింది నోరు కాదు, చేతులు.

* * *

పెళ్ళికి ముందురోజు మధ్యాహ్నం తుది తూకం జరిగింది. అర గురిగింజ తక్కువ. ఉండక ఎక్కడికి పోతుంది!

"వస్తువు విడుదల చేయబడదు" అన్నారు యజ్ఞనారాయణ గారు.

"అయ్యా, రేపు పొద్దున ముహూర్తం. ఆ పిల్ల కొన్నవి తెస్తే కాలు పెట్టనంది. నా మాట నమ్మింది అదొక్కతే సార్" అన్నాడు పానకాలరావు.

"నియమము నియమమే. తక్కువ బరువు వస్తువు..."

"తక్కువ యాడుంది సార్?" అంది కోటేశ్వరమ్మ గాలి హారం పక్కన పెట్టి. "తగ్గింది ఈ తమ్ముడి లోపలే ఉందని మీరే గదా రాశారు! మెట్టెల్నీ ఈయన్నీ కలిపి లెక్కేస్తే నిండు బరువే గదా!"

యజ్ఞనారాయణ గారు నియమావళి తెరిచి, మూసి, మళ్ళీ తెరిచారు. ఆయనలోని విద్యావంతుడికి తర్కం తప్పని కనిపించడం లేదు. చివరికి, "ఒప్పు. మెట్టెలును పానకాలరావును కలిసి ఒకే వస్తువు. వస్తువును విడదీయరాదు. వస్తువు ఊరు దాటునపుడు అధికారి వెంట ఉండవలెను" అని తేల్చారు.

అలా మర్నాడు తెల్లవారగానే పొన్నూరు బస్సులో ఒకే వస్తువు కిటికీ పక్కన కూర్చుంది. దాని పక్కన యజ్ఞనారాయణ గారు, ఒళ్ళో త్రాసు. వెనక సీట్లో, రాలితే ఎత్తడానికి కుంచె, కాగితం పట్టుకుని వీరబ్రహ్మం. సాక్షిగా కోటేశ్వరమ్మ, ఒక క్యారియరుతో.

కల్యాణ మండపంలో వీళ్ళని చూసి మగపెళ్ళివారు ఆదాయపు పన్ను వాళ్ళనుకుని లేచి నిలబడ్డారు. వరుడి మేనత్త గాజులు చీర కొంగులో దాచుకుంది. రాజ్యం పరుగెత్తుకొచ్చి అన్నయ్య మెడలో అట్టముక్క చూసి నెత్తి కొట్టుకుంది. "మెట్టెలు తెమ్మంటే ఈ ఊరేగింపు ఏంది అన్నయ్యా!"

"ముందు ఇవి చూడు" అని పానకాలరావు గుప్పిట తెరిచాడు. రాజ్యం చూసింది. వేలితో తడిమింది. అన్నయ్య నల్లబడిన గోరు కూడా చూసింది. ఇంక నవ్వలేదు.

సన్నికల్లు మీద ఇందు కాలు పెట్టింది. వరుడు మెట్టెలు తొడగబోతుంటే యజ్ఞనారాయణ గారు గొంతు సవరించుకున్నారు. "ఇది తాత్కాలిక అమరిక మాత్రమే. వస్తువులో ఒక భాగము వధువు కాలికి, తక్కిన భాగము బారెడు దూరములో నిలబడవలెను."

"తక్కిన భాగమంటే?" అన్నాడు వరుడి తండ్రి.

"నేనేనండి" అన్నాడు పానకాలరావు.

"అంటే అమ్మాయి కాపురానికొస్తే ఈయన కూడా వస్తాడా? మేం అమ్మాయి వెంట అరణం అడగలేదు గదండీ!"

"అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగదు. అవతల ముహూర్తం దాటిపోతోంది. ఏడడుగులకి లేవండి" అని పురోహితుడు గద్దించాడు. ఆ ఇంటి పద్ధతిలో మెట్టెల తరువాతే ఏడడుగులు.

ఇందు లేచి మొదటి అడుగు వేసింది. గచ్చు మీద మెట్టెలు టిక్ మన్నాయి. యజ్ఞనారాయణ గారు ఉలిక్కిపడ్డారు. "ఆగుము! నడిచినచో అరుగును! అరుగుదల ఏ పద్దు?"

"మంత్రం మధ్యలో ఆపకూడదు" అన్నాడు పురోహితుడు.

ఇక చేసేదేముంది! ఇందు వెనక వరుడు, బారెడు దూరంలో వస్తువులో తక్కిన భాగమైన పానకాలరావు, ఆయన్ని అంటిపెట్టుకుని త్రాసుతో యజ్ఞనారాయణ గారు, అందరి వెనక వంగి వంగి కుంచెతో గచ్చు తుడుస్తూ వీరబ్రహ్మం, ఇలా హోమం పక్కన ఊరేగింపు కదిలింది. పురోహితుడు మంత్రం చెబుతున్నాడు, యజ్ఞనారాయణ గారు అరుగుదల లెక్క కోసం "రెండవ అడుగు, మూడవ అడుగు" అని పైకి లెక్కపెడుతున్నారు. ఇందుకి నవ్వు ఆగడం లేదు. అడుగు కావాలనే గట్టిగా వేస్తోంది. మేళగాళ్ళు ఎక్కడ ఆపాలో తెలియక వాయిస్తూనే ఉన్నారు.

ఏడో అడుగు పడింది. పురోహితుడు అక్షతలు చల్లి, పంచె సర్దుకుని, యజ్ఞనారాయణ గారిని కింది నుంచి పైదాకా చూశాడు.

"ఏడడుగులు కలిసి నడిచినవాళ్ళు మిత్రులని శాస్త్రం. మీరు పైకి లెక్కపెట్టి మరీ నడిచారు. అగ్ని సాక్షి. వీళ్ళందరూ ఇంక మీ మిత్రులే నాయనా, శుభమస్తు" అన్నాడు.

యజ్ఞనారాయణ గారి మొహం పాలిపోయింది.

"మైత్రి ఉంటే ఏదో పోద్దన్నారు గదా సార్, ఆవేళ ఇడ్లీల దగ్గర?" అని అడిగింది కోటేశ్వరమ్మ, ఎంతో అమాయకంగా.

"అధికారము" అన్నారాయన నీరసంగా. "తక్షణమే కోల్పోవును." త్రాసు కింద పెట్టేశారు. నియమాన్ని అంత నమ్మిన మనిషి అది తన మీదికే వస్తే మాత్రం ఎలా తప్పుకుంటాడు? "మిత్రుడు కాని వేరొక అధికారి వచ్చి తనిఖీ చేయవలెను. ఆ పోస్టు ఖాళీగా ఉన్నది."

"ఎప్పటిదాకా?" అన్నాడు వరుడి తండ్రి.

"ఖాళీగా ఉన్నంతవరకు" అంటూ ఆయన తన చేతులతోనే పానకాలరావు మెడలోని అట్టముక్క తీసి, ఏం చేయాలో తోచక హోమంలో వేశారు. అట్ట భగ్గున అంటుకుంది. పానకాలరావు ఆ పొగకి ఒక్క తుమ్ము తుమ్మాడు. ఈసారి ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

భోజనాల దగ్గర యజ్ఞనారాయణ గారు ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడితే పానకాలరావు చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కోటేశ్వరమ్మ క్యారియరు విప్పి, బూరెల పక్కనే ఒక ఇడ్లీ వేసింది. ఆయన దాన్ని కాసేపు చూసి, తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఇంకొకటి వేయమని వేలు చూపించాడు.

"మిత్రమా" అన్నాడు ఆ తరువాత, ఎవరూ వినకుండా, ఆ మాట మొదటిసారి వాడుతున్నవాడిలా. "మా ఇంటావిడ కూడ మెట్టెలు... ఎప్పటినుండియో అడుగుచున్నది. నాకు నేర్పెదరా? నిజమైన వెండితో?"

"వేళ్ళు వాస్తాయి సార్" అన్నాడు పానకాలరావు.

"వాయనిండు" అన్నాడాయన.

పంక్తి చివర ఇందు కొత్త చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, అందరినీ "సరిగ్గా తినండి" అని చెబుతూ వస్తోంది. గచ్చు మీద టిక్, టిక్ మని చప్పుడు. ఒక కాలిది కొంచెం గట్టిగా, ఒక కాలిది కొంచెం మెల్లగా, ఎందుకంటే ఒకటి లావు, ఒకటి వంకర. మైకు లేకుండానే ఆ చప్పుడు పంక్తి ఈ చివరిదాకా వినిపిస్తోంది. పానకాలరావు ముద్ద కలపడం మానేసి వింటున్నాడు.

యజ్ఞనారాయణ గారు కూడా విన్నారు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది! కంగారుగా మోచేత్తో పొడిచి, "అరుగుచున్నవి" అన్నారు.

"అరగనివ్వండి సార్" అన్నాడు పానకాలరావు. "నడవడానికే చేశాను."